అవ్వ గిన్నె మూత

ఆదివారం చర్చిలో నేను ఆరాధన ముగిస్తుండగానే కబురొచ్చింది, మా పక్కింటి అవ్వ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయిందని. బాన్సువాడలో ఆమె చేతి పప్పు తిననివాళ్లు ఉంటారేమో గానీ, ఆమె చేత తిట్లు తిననివాళ్లు లేరు.

అవ్వ ఒక్కగానొక్క కొడుకు చిన్నప్పుడే కాలువలో పడి పోయాడు. అందరూ వచ్చారట, అన్నం పెట్టారట, వాడి పేరు మాత్రం ఎవరూ ఎత్తలేదట. "నా కొడుకు రెండుమాట్ల సచ్చిండు బిడ్డా. ఓసారి నీళ్లల్ల, ఓసారి మీ నోళ్లల్ల" అనేది.

చావు ఇంట పొయ్యి వెలిగించరు కదా, ఇరుగుపొరుగే వండి తెస్తారు. ఎక్కడ బిడ్డ పోయినా, బీర్కూర్ బస్సెక్కి అయినా సరే, అవ్వ గిన్నెతో వెళ్లేది. వెళ్లి మూత మీద చెయ్యి వేసి కూర్చునేది. "పిల్లగాడు చేసిన కోతి పని ఒక్కటి చెప్పుండ్రి, మూత తీస్త."

తొంభైల చివర్లో మా పాప జ్వరంతో పోయింది. నా భార్య మెతుకు ముట్టలేదు, నోరు విప్పలేదు. గ్రంథం తెరిచి, సంతలో నిలబడ్డట్టు గొంతెత్తి పునరుత్థానం ప్రకటించాను. ఆమె తలైనా ఎత్తలేదు. ఈమె కూడా నాకు దక్కదేమోనని భయం పట్టుకుంది.

అవ్వ వచ్చింది. "ఓ మైకయ్యా, దేవునికి చెవుడు లేదు. జర గా గ్రంథం మూయి." నా భార్య ఎదుట కూర్చుని మూత మీద చెయ్యి వేసింది. "చెప్పవా? ఇగ నేనే చెప్త. నా కోడిపెట్టకు పౌడర్ కొట్టి పెండ్లిపిల్లను జేసింది నీ పొల్ల."

నా భార్య తలెత్తింది. "పౌడర్ గాదవ్వా. గోధుమపిండి."

"మరి పెండ్లికొడుకెవరే?"

"ఈయన బూటు."

ముగ్గురం నవ్వాం. నవ్వుతూ, ఏడుస్తూ, నా భార్య అన్నం తిన్నది. పునరుత్థానం నేను ఈనాటికీ ప్రకటిస్తాను, గట్టిగానే. కానీ ఆ పూట మా పాప లేచి ఇల్లంతా పరుగెత్తింది మాత్రం అవ్వ మాటకే.

సోమవారం అవ్వ సమాధి గుంత చుట్టూ అందరం పిడికెడు మన్ను పట్టుకుని నిలబడ్డాం. నేను వాక్యం తీయబోతుంటే నా భార్య అడ్డొచ్చింది. "జర ఆగుండ్రి. ముందుగాల అవ్వ కోతి పని జెప్పాలె. ఈయన ప్రసంగం ఎంతకూ ఒడువకుంటే, అవ్వ ఎనుక నుంచి మైకు వైరు గుంజేది. ఈయన కరెంటు పోయిందనుకునేటోడు!"

నేను గ్రంథం మూసేశాను. జనం ఒకటే నవ్వు. ఆ నవ్వుకు భుజాలు ఊగుతుంటే, వేళ్ల సందుల్లోంచి మన్ను దానంతటదే జారిపోతోంది, మెల్లగా, అవ్వ మీదికి.