దిల్షాద్ చిప్ప సున్నం

దిల్షాద్ కంటబడేచోట గ్లాసులో మిగిలిన నీళ్ళను పారబోయగల ధైర్యశాలి, డెబ్బై రెండు నాటి ఆ కరువులో, మా తాండూరు బడిలో ఒక్కడూ లేడు. తొమ్మిదో తరగతి పిల్ల. సన్నగా, పొడుగ్గా, రెండు జడలతో చూడటానికి పరమ సాధువు. కాని ఎక్కడ నీటిచుక్క నేలరాలబోయినా, ఎటునుండి ఊడిపడేదో, "ఆగుండ్రి!" అని ఒక్క కేక పెట్టేది. ఆ కేకకు బజారులో పోలీసు జవాను సైతం సైకిలు దిగి నిలుచున్నాడని చెప్పుకొనేవారు.

ఆమె ఆయుధం ఆల్చిప్ప. పచ్చి మామిడికాయ చెక్కు తీయడానికి, పసిబిడ్డకు ఉగ్గు పట్టడానికి ఇళ్ళలో వాడే చెరువు చిప్పే. దిల్షాద్ సంచిలో పుస్తకాలకంటె అవే ఎక్కువ. కుళాయి కారితే కింద ఒక చిప్ప. కుండ చెమర్చితే ఒక చిప్ప. ఒకనాడు ఆమె తరగతికి కరుణరసపు పద్యం పాఠం చెబుతూ నేను కంటతడి పెట్టుకొన్నాను. తల ఎత్తి చూతును గదా, ముందువరుసలో దిల్షాద్ సంచిలో చేయిపెట్టి తడుముకొంటున్నది!

తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు గారు సగం గ్లాసు తాగి, మిగిలినది వాకిట్లోకి విసరబోయినారు.

"ఆగుండ్రి సార్!"

ఇన్‌స్పెక్టరు గారి చేయి గాలిలోనే నిలిచిపోయింది. పక్కనున్న ప్రధానోపాధ్యాయులు చంద్రప్ప గారు గబగబ అడ్డం రాబోయినారు. "సగమే దూప ఉంటె సగమే అడగాలె గద సార్," అని దిల్షాద్ ఎంతో మర్యాదగా పలికి, గ్లాసు అందుకొని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం ఇన్‌స్పెక్టరు గారు టీ తాగి, కప్పు బోర్లించి ఆమెకు చూపిన పిమ్మటనే కుర్చీలోనుండి లేచినారు.

అంతటితో ఆగినా బాగుండును. అరిగినవీ పగిలినవీ చిప్పలన్నీ ఇల్లిల్లూ తిరిగి ఏరుకొనేది. అవి చాలక, కోట్‌పల్లి నుండి చేపలు తెచ్చి అమ్మే మేనమామ గఫూర్‌చేత గోనెసంచిలో తెప్పించేది. పెరట్లో పిడకల నడుమ వాటిని కాల్చి సున్నం చేసేది. తాండూరా, సున్నపురాయి మీద వెలసిన ఊరు. గనులు ఆ రాయివి, వాకిళ్ళలో పరచిన బండలు ఆ రాయివి. అటువంటి చోట చిప్పలు కాల్చి సున్నం తీయడమేమని ఊరంతా నవ్వింది.

"జర మీరన్న చెప్పుండ్రి సార్," అని ఆమె తల్లి అలీమాబీ ఒకనాడు నన్ను బజారులో నిలబెట్టింది. "ఇల్లంత పొగ. మా తమ్ముడు చేపలు మరిచిపోయి చిప్పలే తెస్తున్నడు. ఇంట్ల కూర లేదు!"

"ఏమమ్మా, రాతి సున్నం దొరకదా?" అని ఆమె వెంట ఉన్న దిల్షాద్‌ను అడిగినాను.

"దొరుకుతది సార్. గీ చిప్పలు ఊకెనె పారేస్తున్నరు గద. పారేసేది ఉండంగ కొత్తది తవ్వుడెందుకు?"

తల్లి వైపు చూసినాను. తల్లి నా వైపు చూసింది. ఇద్దరమూ ఎవరి దారిన వారం పోయినాము.

బడి వెనుక నాపబండలతో కట్టిన నీళ్ళ హౌజు ఒకటి ఉండేది. నాగవ్వ అనే ముసలామె దూరపు బావి నుండి బిందెలతో మోసి దానిని నింపేది. పొద్దున నిండిన హౌజు మధ్యాహ్నానికి అడుగంటేది. చంద్రప్ప గారికి ఒకటే అనుమానం.

"నింపకుంటనె నింపిన అంటున్నవ్ నాగవ్వా! దసరా సెలవులు అయినంక గూడ గిట్లనే ఎండితె, ఇంకో మనిషిని పెట్టుకుంట."

"గీ పని పోతె నేనెట్ల బతకాలె పెద్దసారూ? బిందె మీద బిందె పోస్తున్న. ఎటు పోతున్నయో నాకేం ఎరుక?" అని నాగవ్వ మోకాళ్ళు పట్టుకొని కూలబడింది.

ఆ హౌజు గోడ వెంబడే చంద్రప్ప గారి పూదీన మడి. ఊరంతా ఎండిపోయినా అది పచ్చగా నవనవలాడేది. "ఒక్క చుక్క పొయ్య. అంత చేతిగుణం!" అని ఆయన దాని పచ్చడిని మాకందరికీ పంచిపెట్టేవారు. మేము ఆ పచ్చడి తిని, ఆ చేతిని పొగిడేవారము.

సెలవులు మొదలైన మరునాడు, మరచిపోయిన గొడుగు కొరకు బడికి వెళ్ళినాను. ఖాళీ హౌజులోనుండి గరగరమని చప్పుడు. తొంగి చూస్తే ముక్కు చివరిదాకా సున్నం పూసుకొన్న దిల్షాద్!

"మంచిగ వచ్చిండ్రు సార్. జర గా గంప అందియ్యుండ్రి."

ఇసుక, చిప్ప సున్నం బెల్లపు నీళ్ళతో నూరి, బండల సందులలో బొటనవేలితో కూరుతున్నది.

"అవ్వ నింపుతనే ఉంది సార్. బయట గోడ మొదట్ల వరసగ చిప్పలు పెట్టి చూసిన. గంటకు అన్ని నిండినయ్. పెద్దసారు పూదీన అవ్వ మోసిన నీళ్ళే తాగుతున్నది."

"ఇన్నాళ్ళూ కాల్చినది ఇందుకొరకేనా?"

"సంచెడు కాలిస్తె జరంతనే ఎల్తది సార్. ఎండకాలం నుంచి జమజేస్తున్న. అవ్వ మోకాళ్ళు చూసిండ్రా, ఎట్ల వాచినయో?"

"మరి పెద్దసారుకు ఒక్క మాట చెప్పకపోతివా?"

"వద్దు సార్! అందరి ముందల నామోషైతది. నామోషైతె, ఆ కోపం మళ్ళ అవ్వ మీదనే తీస్తడు. మీరు గూడ చెప్పకుండ్రి."

నేను గొడుగు పక్కన పెట్టి గంప అందించినాను.

సెలవుల తరువాత, సాయంత్రం గంట కొట్టేవేళకు కూడ హౌజు సగానికి పైగా నిండి ఉన్నది. చంద్రప్ప గారు మమ్మల్నందరినీ దాని చుట్టూ నిలబెట్టినారు.

"చూసిండ్రా? ఒక్క మాట గట్టిగ అన్న, దారికొచ్చింది! నాగవ్వా, ఇగ నీ పనికి ఫికర్ లేదు."

"మీ నోటి చలవ పెద్దసారూ," అని నాగవ్వ చేతులు జోడించింది. ఆయన అటు తిరగగానే కొంగు నోటికి అడ్డంపెట్టుకొని భుజాలు కదిలేటట్టు నవ్వింది. ఆపైన దిల్షాద్‌ను దగ్గరకు లాగి, సున్నానికి ఒరిసిపోయిన ఆ పిల్ల వేళ్ళకు వెన్న రాస్తూ, బావికి పోయే తొందరేమీ లేనిదై, హౌజు నీడలో కాళ్ళు చాచి కూర్చున్నది.