అమ్మవారి ముఖానికి పడిన తాళం

కోవిడ్‌కు ముందు సంవత్సరం వేసవిలో నేను నంద్యాల బ్రాంచిలో సీనియర్ సర్వీస్ ఇంజనీరుగా ఉన్నాను. రాతిని చెక్కే కంప్యూటర్ యంత్రాలనూ, వాటిని నడిపే సాఫ్ట్‌వేర్‌నూ అమ్మే కంపెనీ మాది. ఆళ్లగడ్డ శిల్పుల షెడ్లన్నీ నా పరిధిలోకే వచ్చేవి.

యంత్రం విగ్రహాన్ని పూర్తిగా చేయదు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న రూపాన్ని బట్టి రాతిని ముతకగా తొలిచి పెడుతుంది. కళ్లు, పెదవులు, నగల నగిషీ మనిషి ఉలితో చేయవలసిందే. దొంగ కాపీలు పుట్టకుండా ఆ సాఫ్ట్‌వేర్‌కు మా కంపెనీ ఒక తాళం పెట్టింది. చూడ్డానికి పెన్‌డ్రైవ్ లాగా ఉంటుంది, డాంగిల్ అంటాం. అది కంప్యూటర్‌కు గుచ్చి ఉంటేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది. అందులో చేసిన ఫైలు ఇంకే సాఫ్ట్‌వేర్‌లోనూ తెరుచుకోదు.

ఆళ్లగడ్డలో మా దగ్గర బిల్లు వేయించుకుని ఆ సాఫ్ట్‌వేర్‌ను కొన్న మొదటి శిల్పి చెన్నకేశవాచారి. పక్క షెడ్లలో చాలామంది తాళం విరగ్గొట్టిన కాపీతోనే పని చేసుకునేవారు. ఆయన కూతురు పద్మావతి కంప్యూటర్ పని చూసేది. కొన్న ఏడాది తిరక్కుండానే ఆయనకు పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయింది.

వెలుగోడు దగ్గరి ఒక పల్లెకు అమ్మవారి విగ్రహం చేసిస్తానని ఆయన అంతకుముందే మాటిచ్చి ఉన్నాడు. ఉలి పట్టలేక, ఎడమచేత్తో బంకమట్టి మెత్తుతూ నెలల తరబడి అమ్మవారి ముఖం చేశాడు. పద్మావతి అద్దె స్కానర్ తెచ్చి, ఆ ముఖాన్ని నేరుగా మా సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించింది. తర్వాత మట్టి ఎండి, పగిలి, ముక్కలైంది. మిగిలింది ఆ ఫైలు ఒక్కటే.

ప్రతిష్ఠ నెల రోజులుందనగా కరెంటు హెచ్చుతగ్గులకు డాంగిల్ కాలిపోయింది. పద్మావతి ఫోన్ చేయగానే బస్సెక్కి వెళ్లాను. పరీక్షించి చూస్తే అది ఇక పనికిరాదని తేలిపోయింది. వాళ్ల షెడ్డులో నుంచే హెడ్డాఫీసుకు ఫోన్ చేశాను. కాలిన డాంగిల్‌ను వాళ్లకు పంపాలి, వాళ్లు పరీక్షించాలి, ఆ తర్వాతే కొత్తది ఇస్తారు. నెల పైనే పట్టవచ్చన్నారు. కస్టమర్‌కు తొందరుంటే మళ్లీ కొనుక్కోమన్నారు. కాలిపోయిందని చెప్పి రెండోది కాజేసేవాళ్లుంటారట, అందుకని ఆ నియమం.

ఆ మాటలు పద్మావతి తండ్రికి నెమ్మదిగా చెప్పింది. ఆయన నోరు కొంచెం వంకరపోయి ఉండేది. ఒక్కో మాటా కూడదీసుకుని నాతో అన్నాడు: "అప్పా, ఆ మొగం చేసింది నేను. దుడ్లిచ్చి కొన్నింది నేను. నా బొమ్మ నేను చూసుకోడానికి, నేను దొంగను కాదని యాడికి పోయి చెప్పుకోవల్ల?"

కాలిన డాంగిల్‌ను హెడ్డాఫీసుకు పంపడానికి సంచిలో పెట్టుకున్నాను.

సంగతి తెలిసి పక్క షెడ్డు ఓబులేసు పెన్‌డ్రైవ్ పట్టుకుని వచ్చాడు. తన కాపీకి ఏ తాళమూ లేదనీ, పెట్టిన వెంటనే తెరుచుకుంటుందనీ చెప్పి, దాన్ని బల్ల మీద పెట్టి వెళ్లాడు. పద్మావతి దాన్ని ముట్టుకోలేదు. నా వైపు చూసింది.

"మీరు ఈడుండంగా నేను పెట్టలేను సార్. మీ ఉద్యోగానికి మాట వస్తాది."

ఆ పరిస్థితిలో ఆమె నా ఉద్యోగం గురించి ఆలోచించింది. టీ తాగి వస్తానని చెప్పి లేచాను. కడప రోడ్డు మీద ఒక టీ బంకు దగ్గర చాలాసేపు కూర్చున్నాను.

తిరిగి వచ్చేసరికి తండ్రి కుర్చీ కంప్యూటర్ తెర దగ్గరికి జరిగి ఉంది. పద్మావతి అమ్మవారి ముఖాన్ని అటూ ఇటూ తిప్పి చూపిస్తోంది. ఆయన ఎడమచేయి చాచి తెర మీద చెంపను తాకాడు.

"ఈ చెంప రవ్వంత ఎక్కువయిందమ్మా."

"ఎడమచేత్తో చేస్తే అట్లనే ఉంటాది నాయనా. ఉండనీ."

ఆయన మళ్లీ ఒకసారి చూసి, సరేనన్నట్టు తలూపాడు. ఆ ముఖం అలాగే రాతిలోకి దిగింది. షెడ్డులోని శిల్పులు ఆయన కళ్ల ముందే ఉలితో పూర్తి చేశారు. అనుకున్న ముహూర్తానికే ప్రతిష్ఠ జరిగింది. ఆయన్ను మంచంతో సహా ట్రాక్టర్ ట్రాలీలో తీసుకుపోయారని తర్వాత తెలిసింది.

నేను నంద్యాల చేరగానే జరిగింది జరిగినట్టు మా మేనేజరుకు చెప్పాను. కస్టమర్‌ను ఆపి ఉండాల్సిందన్నాడు. ఆపి, బదులుగా ఆమె చేతిలో ఏం పెట్టాలని అడిగాను. బ్రాంచికొక అదనపు డాంగిల్ ఇప్పించమని కోరాను. నేను రిటైరయ్యేదాకా అది రాలేదు.

పద్మావతి వాళ్లకు రావలసిన కొత్త డాంగిల్ మాత్రం ప్రతిష్ఠ అయిపోయాక వచ్చింది. నేనే తీసుకువెళ్లి ఇచ్చాను. పద్మావతి మర్యాదగా అందుకుని బీరువాలో పెట్టింది. కంప్యూటర్‌లో ఓబులేసు కాపీయే నడుస్తోంది. మా సాఫ్ట్‌వేర్ కొనాలనుకుంటున్న మరో ఇద్దరు శిల్పులు ఆ తర్వాత నన్ను పిలవలేదు.

దొంగ కోసం వేసిన తాళాన్ని దొంగ ఎప్పుడూ చూడడు. దాని ముందు నిలబడేది డబ్బు కట్టినవాడే. అతను బయట నిలబడిపోయినప్పుడు వెంటనే తలుపు తీయలేని కంపెనీ, అతన్ని తానే పక్క షెడ్డుకు పంపుతుంది.