మామ కథలకు పేరు పెట్టిన సాయంత్రం

ఆ రోజుల్లో నాకు రెండు విషయాలు క్షుణ్ణంగా తెలుసని అనుకునేదాన్ని. ఒకటి తెలుగు, రెండోది మా మామ. డిగ్రీ చేతికొచ్చి ఏడాది తిరక్కుండానే అనంతపురంలో పిల్లల పుస్తకాలు వేసే ఓ చిన్న ఆఫీసులో ఉద్యోగం దొరికింది కాబట్టి మొదటిదాని మీద నాకు అంత ధీమా. ఇక మామ అంటే మా అమ్మ తమ్ముడు, ముదిగుబ్బ దగ్గర మా ఊళ్ళో గొర్రెలు కాసేవాడు. చిన్నప్పుడు ఎండాకాలం సెలవులన్నీ నేను ఆయన మంద దగ్గరే పడుకున్నాను. పంట తీసేసిన చేలలో ఎరువు కోసం రైతులు రాత్రిళ్ళు మందను నిలపమని అడిగేవాళ్ళు. మామ కంబళి పరిచి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, కథ మొదలుపెట్టేవాడు. ఆ గొంతు వింటుంటే పట్టిన నిద్ర లాంటి నిద్ర ఆ తర్వాత నాకు ఎక్కడా దొరకలేదు. (మంచాలు మారాయి, పరుపులు మారాయి, ఫ్యాను పోయి ఏసీ వచ్చింది. ఏమీ లాభం లేదు.)

మా ఆఫీసును నడిపే ఆయన కృష్ణా జిల్లా మనిషి. నుదుటి మీద కళ్ళజోడు పెట్టుకుని దాన్నే ఆఫీసంతా వెతికేవాడు కాబట్టి ఆయన్ని కళ్ళజోడు సార్ అనుకునేవాళ్ళం. ఒకసారి ఆయన, పిల్లలకు నిద్రవేళ చెప్పే కథల పుస్తకం వేద్దామన్నాడు. నేను ఆగుతానా? ఊరికి పోయినప్పుడల్లా మామ చేత చెప్పించుకుని రాసిపెట్టుకున్న కథలు తెచ్చి ఆయన ముందు పెట్టాను. సార్‌కు నచ్చాయి. "పుస్తకం పేరూ, వెనక అట్ట మీద నాలుగు మాటలూ నువ్వే రాయమ్మా" అన్నాడు. ఇంకేం, కాళ్ళు నేల మీద ఆనలేదు. 'నిదురమ్మ ఒడి', 'వెన్నెల పాన్పు', 'కలల పల్లకి' అని పేర్లు రాశాను. (ఆ కథల్లో ఒడీ లేదు, పాన్పూ లేదు, పల్లకీ లేదు. ఉన్నవన్నీ గొర్రెలూ నక్కలూ ఎండిన బావులూ.) వెనక అట్టకు ఇలా రాశాను: "అలసిన చిన్నారి కనురెప్పలను మృదువుగా స్పృశించే ఈ కథలు వింటూ మీ పిల్లలు రెండే నిమిషాల్లో నిద్రాదేవి ఒడిలోకి జారుకుంటారు!" సార్ చదివి, తల్లులు ఎగబడి కొంటారన్నాడు.

అయితే మామ ఒప్పుకోవాలి కదా. ఆ ఏడు వాన లేదు, మేత లేదు. మందను తోలుకుని తుంగభద్ర కాలవల వైపు ఆ వారంలోనే బయలుదేరుతున్నాడు. ఒకసారి పోయాడంటే ఫోన్ అందదు, ఎప్పుడు తిరిగొస్తాడో ఆకాశమే చెప్పాలి. పోయేలోగా ఆయన తన పుస్తకం పేరు తన చెవులతో వినాలని నా ఆరాటం. ఎవరివో చేల గట్ల మీద గొర్రెల వెనక నడుస్తూ, మా పాప నా పేరు అచ్చేయించింది అని ఒక్కసారైనా అనుకోవాలి. నాకు కావాల్సింది అంతే.

కబురంపితే ఆఫీసుకు వచ్చాడు, కానీ పొద్దు గూకాకే వచ్చాడు. (పగలు కథలు చెప్పుకుంటే దారిన పోయేవాళ్ళు దారి తప్పుతారని ఆయన నమ్మకం. కథల గురించి మాట్లాడినా అంతేనట.) కుర్చీ వద్దని కాగితాల కట్ట మీద కూర్చున్నాడు. నేను గొంతు సవరించుకుని, అట్ట మీది మాటలు రాగం తీసి మరీ చదివాను.

"ఇంగోసారి చదువు పాపా" అన్నాడు.

మురిసిపోయాడనుకుని ఇంకా రాగం తీశాను.

"రెండు నిమిషాలకే నిద్రపోతారా?"

"అవును మామా!"

"అంత పాడుగా ఉండాయా నా కథలు?" అని లేచి నిలబడ్డాడు. "ఇచ్చేయ్ పాపా నా కథలు. నేను పోతాండా."

నాకు ఏమీ అర్థం కాలేదు. సార్ కంగారుగా అడ్డం వెళ్తే, మామ ఆయన వైపు తిరిగాడు. "కథ చెప్పేది నిద్ర రాకుండా ఉండనీకి సారూ. మంద కాడ ఇద్దరు కావలి ఉంటే ఒగడు చెప్పల్ల, ఇంగొగడు ఊఁ కొట్టల్ల. ఊఁ ఆగిందంటే తోడేలు వచ్చినట్టే. మా నాయన కథ చెప్తాంటే మా చిన్నాయన కునుకు తీసినాడు ఒగనాడు. తెల్లారి చూస్తే పొట్టేలు లే. ఇప్పుడు నా కథకు జనం నిద్రపోతారని నువ్వు అచ్చేస్తే, నేను మావాళ్ళల్లో తలెత్తుకోని తిరగల్లనా వద్దా?"

"అయ్యా, ఇవి వింటే పిల్లలు నిద్రపోరు అని రాస్తే ఏ తల్లి కొంటుందండీ?" అన్నాడు సార్ దీనంగా. "పగలంతా వాళ్ళతో వేగి, ఎప్పుడు పడుకుంటారా అని ఎదురుచూస్తారు కదండీ!"

"అయితే అచ్చెయ్యొద్దు."

ఇద్దరిలో ఎవరిది తప్పు? ఎవరిదీ కాదు. అదే నా ఖర్మ. మామ పేరున్న పుస్తకం రాదు, మామ కోపంతో కాలవల దిక్కు పోతాడు. నాకు ఏడుపొచ్చేసింది. అది చూసి సార్ ఓ ఉపాయం చెప్పాడు. "ఒక్క కథ చెప్పండి. నేను ఊఁ కొడతాను. నేను నిద్రపోతే అట్ట మీద మాటలు ఉంటాయి, పోకపోతే మీ ఇష్టం." (మధ్యాహ్నం పూట ప్రూఫుల మీద తల పెట్టి గురక తీసే మనిషి కాబట్టి, గెలుపు తనదేననుకున్నాడు.) మామ పౌరుషంగా కూర్చుని, నక్క మాట నమ్మి బావి తవ్విన ముసలమ్మ కథ ఎత్తుకున్నాడు.

తర్వాత ఏం జరిగిందో నేను చూడలేదు. సార్ చెప్పగా విన్నాను. ఆయన కుర్చీ అంచుకు వచ్చేశాడట, మెస్సులో భోజనం సంగతి మరిచిపోయాడట, ఊఁ కొట్టడం చాలక "ఆఁ, తర్వాతండీ?" అని మామను తొందరపెట్టాడట. నేను మాత్రం ముసలమ్మ పార పట్టుకోకముందే గోడకు ఆనుకుని, నోరు తెరుచుకుని, హాయిగా నిద్రపోయాను.

కళ్ళు తెరిచేసరికి మామ తువాలు నా మీద కప్పి ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను. మామ పరువు తీసింది చివరికి నేనేనా! కానీ ఆయన నవ్వుతున్నాడు.

"దీని సంగతి వేరే సారూ. చిన్నప్పట్నించి అంతే. ఇది పండుకున్నా నేను కథ ఆపింది లే. గొర్రెలుండాయి, ఇది ఉండాది, నేను మేలుకోనుండల్ల గదా? చీకటికి బయపడి ఏడుస్తాండె. 'పండుకో పాపా, నేనుండా' అంటాంటి. అంతే, పండుకుంటాండె."

సార్ నుదుటి మీది కళ్ళజోడు కిందికి దించుకుని, నా కాగితం మీద నిద్రాదేవిని ఒడితో సహా కొట్టేసి, పైన 'పండుకో పాపా, నేనుండా' అని రాశాడు. వెనక అట్టకు ఒకే వాక్యం: "ఒకరు నిశ్చింతగా నిద్రపోవడానికి ఇంకొకరు మేలుకుని చెప్పిన కథలు." చదివి వినిపిస్తే మామ తలూపి, "ఇది నిజం" అన్నాడు. చివరి బస్సుకు వెళ్ళిపోయాడు.

పుస్తకం వచ్చేసరికి ఆయన ఎక్కడో కాలవ గట్టున ఉన్నాడు. అటు పోయేవాళ్ళ చేతికిచ్చి పంపాను. ఎవరి ఫోన్ నుంచో చేశాడు. "బాగుండాది పాపా. బొమ్మలో పొట్టేలికి కొమ్ములు మాత్రం ఎనుముకు పెట్టినట్టు పెట్టినారు" అన్నాడు. నాకు అంతకు మించిన మెప్పు ఇంతవరకూ రాలేదు. తర్వాత గొర్రెలు అమ్మేశాడు. సోలార్ పలకలు పరిచిన చోట కొన్నేళ్ళు రాత్రి కాపలా కాశాడు. పోయినేడు కన్నుమూశాడు.

ఇప్పుడు రోజూ నా కూతురికి ఆ పుస్తకం చదువుతాను. చిత్రమేమిటంటే అట్ట మీది పేరు చెప్పగానే దాని కళ్ళు వాలిపోతాయి, కథ దాకా పోనే పోదు. నేను లేచి గ్యాసు కట్టేశానో లేదో చూసి, గడియ వేసి, వచ్చి పడుకుంటాను. నిద్ర రాదు. ఆ పుస్తకమే తీసి నాకు నేను చదువుకుంటాను, గొంతు నాదే కాబట్టి అది పనిచేయదు. నలభై దాటిన మనిషిని, ఒకరికి కావలి ఉండాల్సినదాన్ని, పక్కన ఇంకొకరు మేలుకుని ఉంటే బాగుండుననుకుంటున్నానని నాకే నవ్వొస్తుంది. నవ్వొచ్చినా, అనుకోకుండా ఉండలేను.