నల్లోడు చూసిన వైపు

వాన వెలిశాక వీధికుక్క ఏదైనా మా మెట్లెక్కి ఒళ్లు దులుపుకుంటే, ఆ తడి బొచ్చు వాసనకు నాకు ముందు సింహాచలం మావ గుర్తుకొస్తారు, ఆ తరవాతే మా నల్లోడు. మావ మాకు చుట్టం కాదు. రాజాంలో చాలా ఏళ్లు ఫోటో స్టూడియో నడిపి, అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక మూసేసి, మా పక్కింట్లో ఖాళీగా కూర్చున్న మనిషి. ఖాళీ అంటే మాత్రం ఒప్పుకునేవారు కాదు.

నల్లోడు మా కుక్క. పేరుకు తగ్గట్టే కాటుక నలుపు. వాడి కడుపులో గడ్డ లేచిందనీ, ఆ ముసలి వయసులో ఆపరేషన్ తట్టుకోలేడనీ పశువుల డాక్టరు చెప్పేశారు. వాడు పోయేలోగా ఒక్క మంచి ఫోటో తీసుకోవాలని నా ఆరాటం. మిట్టమధ్యాహ్నం పెరట్లో నిలబెట్టి, పైనుంచి ఫోన్ పెట్టి తీసేదాన్ని. తెల్లటి ఎండలో నల్లటి మూట వచ్చేది. కళ్లు ఎక్కడున్నాయో తెలిసేది కాదు.

ఇది చాలదన్నట్టు, ఫోటో అనగానే మా అమ్మ వాడికి స్నానం చేయించి, బొట్టు పెట్టి, మెడలో బంతిపూల దండ వేసింది. ఇంటి బిడ్డ బోసిగా కనిపించకూడదని ఆవిడ ముచ్చట. ఆ ఫోటో గోడ మీదుగా మావకు చూపించాను.

"ఏటే పిల్లా, బతికున్నోడికి దండేసి ఫోటో తీసినావేటి? గోడకి తగిలించీడమే తరువాయి" అన్నారు.

అప్పుడు గాని మాకు తట్టలేదు. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. మావ గబగబా పెరట్లోకొచ్చి దండ తీసేసి, ఇంకా తడారని వాడి నుదుటి బొట్టు తన లుంగీ అంచుతో తుడిచి, "నీకేటీ అవదురా, నానున్నాను కదా" అన్నారు. అబద్ధమే. అయినా నల్లోడు తోక ఊపాడు, నాకూ ప్రాణం కుదుటపడింది.

ఆ సాయంత్రమే నా చదువు మొదలైంది. ఎండ వాలి, వెలుతురు పక్కనుంచి పడేదాకా మావ నన్ను ఫోన్ ముట్టుకోనివ్వలేదు. తీగ మీది బట్టలన్నీ తీయించి, వెనక ఉత్త గోడ మాత్రమే ఉండేలా చూశారు. నేనింకా నిలబడే ఉంటే కసిరారు.

"నువ్వు నిల్సుంటే ఆడు నీ కాళ్లే సూస్తాడు. కూకో. మట్టంటితే ఏటయిపోతావు?"

"ఎంత పిలిచినా ఇటు సూడ్డం లేదు మావా."

"అదేపనిగా పిలిస్తే మనిషైనా సూడడే. నోరు మూసుకోనుండు. నాను నీ ఎనకాల ఉంటాను."

మోచేతులు నేలకానించి ఫోన్‌ను వాడి కళ్ల ఎత్తుకు దించాను. చాలాసేపు ఏమీ జరగలేదు. నా వెనకనుంచి మావ మెల్లగా "ఏరా" అన్నారు, అంతే. నల్లోడి చెవులు లేచాయి. తల తిప్పాడు, కళ్లలో వెలుతురు పడింది. వెంటనే నొక్కాను. ఆ నల్లటి బొచ్చులో గోధుమరంగు కూడా ఉందని నాకు తెలిసింది ఆ ఫోటోలోనే.

నల్లోడు ఆ నెలలోనే పోయాడు. మావ కూడా ఇప్పుడు లేరు. ఊరందరికీ ఫోటోలు తీసిన మనిషికి తనది చెప్పుకోదగ్గ ఫోటో ఒక్కటీ లేదు. నేనిప్పుడు ఎవరి కుక్కను తీయాలన్నా, పిల్లల్ని తీయాలన్నా ముందు నేల మీద కూర్చుంటాను. ఆ అలవాటు ఒంటికి పట్టేసింది.

నల్లోడి ఆ ఫోటో చూసినవాళ్లంతా "నిన్నెంత ప్రేమగా చూస్తున్నాడో" అంటారు. నన్ను కాదని చెబుతాను. సరిగా చూస్తే వాడి చూపు నా తల మీదుగా, కొంచెం పైకి వెళుతుంది. అక్కడ మావ ఉన్నారు.