లైట్‌హౌస్‌కు రంగు వేసి వచ్చాక

దయ్యాలూ గాలులూ ఉన్నాయంటే నేను నవ్వేదాన్ని. నవ్వి ఊరుకోకుండా నోరు కూడా చేసుకునేదాన్ని. మా అత్త అమావాస్యకు గడపకు నిమ్మకాయ కడితే, తెల్లారి దాన్ని తెంపి పులిహోరలో పిండేసేదాన్ని. ఇప్పుడు నేను రాసేది చదివి మీరు నవ్వినా ఏమీ అనుకోను.

మాది జడ్చర్ల దగ్గర ఊరు. నేను మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తాను. మా ఆయన కురుమూర్తి ఎత్తుల మీద రంగులు వేస్తాడు. నీళ్ల ట్యాంకులు, సెల్ టవర్లు, ఫ్యాక్టరీ పొగగొట్టాలు. రాష్ట్రం వచ్చాక పాలమూరు వలసలు తగ్గాయంటారు. తగ్గాయి, కాదనను. కానీ తాడు మీద వేలాడే పని ఎక్కడ దొరికితే అక్కడికి పోవాల్సిందే కదా.

ఆ ఎండాకాలం పెంటయ్య మేస్త్రి తన మనుషులను కోస్తాలో ఒక పాత రేవుకు తీసుకుపోయాడు. అక్కడ దీపం ఆపేసిన లైట్‌హౌస్ ఒకటి ఉంది. జనం చూడడానికి వస్తారని దానికి రంగులు వేయించారు. పని ముగించుకుని మా ఆయన బాగానే వచ్చాడు. కింద పడలేదు, దెబ్బ తగల్లేదు, జ్వరం లేదు. ఎండుచేపలు కూడా తెచ్చాడు. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత దవాఖానలో ఇవే అడిగారు.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం, లైట్లు వేసే వేళకు, గోడవైపు తిరిగి కూర్చున్నాడు. కుడి పిడికిలి బిగించి గాలిలో గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టాడు. చాలా బరువున్న దాన్ని తిప్పుతున్నట్టు పళ్లు బిగించాడు, నడుము వంచాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది. కాసేపు ఆగడం, మళ్లీ తిప్పడం. తెల్లారేదాకా అదే. తెల్లారాక టీ తాగి పడుకున్నాడు. అడిగితే ఏమీ గుర్తులేదన్నాడు.

మరునాడూ అంతే. మెట్ట ఊళ్లలో పుట్టినవాళ్లం, తిప్పే పిడి అంటే మాకు తెలిసింది ఒకటే, బావి దగ్గర ఆయిల్ ఇంజన్‌ది. చిన్నప్పుడు వాళ్ల నాయినతో కలిసి అదే తిప్పేవాడట. మా అత్త పక్కన కూర్చుని కొడుకు వీపు నిమురుతూ, "ఇంజన్ షురూ అయింది బిడ్డా. నీళ్లొస్తున్నయ్, మడి తడిసింది. ఇగ చాలు, ఇడువు" అంది. ఆ అబద్ధానికైనా ఆగుతాడేమోనని చూశాను.

"దిగుతాందమ్మా, దిగుతాంది" అన్నాడాయన. ఏం దిగుతోందో చెప్పడు.

మహబూబ్‌నగర్ దవాఖానలో తలకు స్కాన్ తీసి, అంతా బాగుందన్నారు. నిద్ర మాత్రలు రాశారు. మాత్రల మీద నాకు చాలా నమ్మకం. అవి మింగి కళ్లు మూసుకునే తిప్పాడు. భుజం వాచిపోయింది. ఒకరోజు నేనే ఆ చేతిని చున్నీతో మంచం కోడుకు కట్టేశాను. కాసేపటికి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"ఇప్పవే, నీ కాళ్లు మొక్కుత. పడవలొస్తున్నయే."

విప్పేశాను. దొడ్లోకి పోయి నేనూ ఏడ్చాను. తిండి లేదు, నిద్ర లేదు. ఇట్లాగే సాగితే మనిషి నాకు దక్కడని తెలుస్తూనే ఉంది, చేయగలిగింది మాత్రం కనబడలేదు.

అప్పుడు పెంటయ్య మేస్త్రి చూడడానికి వచ్చాడు. పొద్దుగూకింది, మా ఆయన చేయి తిరగడం మొదలైంది. అది చూసి మేస్త్రి టీ గ్లాసు కింద పెట్టేశాడు. ఆ లైట్‌హౌస్ దగ్గర కాపలా ఉండే ముసలాయన అచ్చం ఇట్లాగే తిప్పి చూపించాడట.

కరెంటు రాకముందు అక్కడ కిరోసిన్ దీపం ఉండేది. దాని చుట్టూ పెద్ద అద్దాలు తిరగాలి. వాటిని తిప్పడానికి గోడగడియారం లాంటి మిషను, దానికి వేలాడే ఇనుప బరువు. ఆ బరువు టవర్ నడిమధ్యన మెల్లగా దిగుతుంటే అద్దాలు తిరుగుతాయి. అది అడుగుకు తగిలేలోపు కాపలా మనిషి పిడి తిప్పి మళ్లీ పైకి చుట్టాలి. రాత్రంతా అదే చాకిరీ. చుట్టకపోతే వెలుగు ఒక్కచోట ఆగిపోతుంది. అది ఏ రేవో పడవలవాళ్లకు తెలియక రాళ్ల మీదికి వస్తారు. తర్వాత కరెంటు వచ్చింది. ఇంకొన్నేళ్లకు ఇసుక మేట వేసి రేవే పూడిపోయింది. దూరంగా కొత్త రేవు, కొత్త లైట్‌హౌస్ కట్టి, పాత దీపం ఆర్పేశారు.

"మరి ఈయన ఆ మిషన్ చూసిండా?" అని అడిగాను.

"ఏడ చూస్తడమ్మా? మేం పోకముందెప్పుడో దాన్ని పీకి పాత ఇనుముకు ఏసిన్రు. కురుమూర్తి బయట తాడు మీదనే ఉన్నడు, లోపల కాలు వెట్టలే. ముసలాయన నాకొక్కనికే చెప్పిండు. నేనెవ్వరికి చెప్పలే."

అన్నం తినమన్నా వినకుండా వెళ్లిపోయాడు.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. పోయి మా ఆయన పక్కన కూర్చున్నాను.

"జర జరుగు. నువ్వు పండుకో, నేను తిప్పుత."

ఆయన నా ముఖంలోకి చూశాడు. "ఇడువవు గదా?"

"ఇడువ."

పక్కకు జరిగి జాగా ఇచ్చాడు. ఆయన పిడికిలి ఉన్నచోట నా పిడికిలి పెట్టి, ఉత్తుత్తిగా తిప్పబోయాను.

తిరగలేదు. రెండు చేతులూ పెట్టి ఒళ్లంతా వంచితే కదిలింది. నీళ్లు నిండిన బిందెను బావిలోంచి లాగినంత బరువు. ఎదురుగా చూస్తే సున్నం గోడ, అంతే. వెనక మా ఆయన గురక పెడుతున్నాడు.

ఇప్పుడు ఆయన బాగున్నాడు. భుజం తగ్గింది, పనికి పోతున్నాడు, పొద్దుగూకగానే పడుకుంటే తెల్లారితేగానీ లేవడు. రాత్రిళ్లు నేనూ అత్తా వంతులు వేసుకుని తిప్పుతున్నాం. ఆయనకు ఆ సంగతి తెలియదు.

ఎన్నాళ్లిట్లా అని, ఒక సాయంత్రం వదిలేసి చూద్దామనుకున్నాను. పిడికిలి సడలించి పక్కకు జరిగాను. మంచం మీద దుప్పటి కింద ఆయన చేయి తిరగడం మొదలైంది. మళ్లీ పట్టుకున్నాను.

ఇది ఏమిటో నాకు తెలియదు. తెలిసినవాళ్లుంటే చెప్పండి, ఎంత దూరమైనా వచ్చి వింటాను. పొద్దుగూకేలోపు మాత్రం నన్ను ఇంటికి పోనివ్వండి.