తియ్యటి వెదురు

నా దగ్గర సర్టిఫికెట్ ఉండేది. వెదురుతో టీ పళ్ళేలు, పూల సజ్జలు అల్లడం నేర్చుకున్నానని హైదరాబాదులో ఇచ్చినది. అది పట్టుకొని పందొమ్మిదేళ్ళ వయసులో లక్సెట్టిపేటలో బస్సు దిగాను, మేదరి ఆడవాళ్ళకు బుట్టలల్లడం నేర్పడానికి. పుట్టినప్పటి నుంచి వెదురు బద్దల మధ్య పెరిగిన వాళ్ళకు నేను నేర్పేదేమిటో నన్ను పంపిన వాళ్ళూ ఆలోచించలేదు, నేనూ ఆలోచించలేదు. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, అప్పుడు కుర్చీలో నిటారుగా కూర్చునేదాన్ని.

మేదరి సంఘం వాళ్ళ శిక్షణ కేంద్రం ఒక పెంకుల షెడ్డు. పదిహేడు మంది వచ్చేవారు. మొదటి రోజు నేను అల్లి చూపిన గంపను కింద పెడితే ఒక పక్కకు ఒరిగింది. ఎవరూ నవ్వలేదు. నవ్వితేనే బాగుండేదనిపించింది. అందరిలోకి వయసులో పెద్దావిడ దాన్ని తీసుకొని, అడుగు విప్పి మళ్ళీ అల్లి నా ముందు పెట్టింది. ఆమెను నేను పెద్దవ్వ అని పిలిచేదాన్ని.

"నువ్వు రాసే పని చూస్కో బిడ్డా, అల్లే పని మేం చూసుకుంటం" అంది.

ఆ ఒప్పందం మీదే కేంద్రం నడిచింది. నేను హాజరు వేసేదాన్ని, నెలనెలా రిపోర్టు రాసేదాన్ని. మధ్యాహ్నాలు వాళ్ళ పక్కన చేరి బద్దలు చీల్చడం నేర్చుకునేదాన్ని. నా వేళ్ళు తెగినప్పుడల్లా పెద్దవ్వ పసుపు అద్ది, ఇంత మెత్తటి చేతులకు సర్కారు జీతమెందుకు ఇస్తుందో అని ఆటపట్టించేది.

వాళ్ళు వచ్చేది నా పాఠాల కోసం కాదని నాకు తెలియడానికి ఎన్నో రోజులు పట్టలేదు. వచ్చేది వెదురు కోసం. పూర్వం వాళ్ళే అడవికి పోయి, కావలసినంత నరుక్కొని తెచ్చుకునేవారు. ఇప్పుడు అడవి వెదురంతా వేలంలో కాంట్రాక్టర్లకు పోతోంది. కేంద్రం పేరు మీద ఒక పర్మిట్ ఉంది గనుక అటవీ శాఖ డిపో నుంచి ఏటా ఒక లారీ వెదురు వస్తుంది. కేంద్రం ఉంటే పర్మిట్, పర్మిట్ ఉంటే వెదురు. లేకపోతే వాళ్ళ చేతుల్లో కత్తి తప్ప ఏమీ మిగలదు. ఆ ఏడు కేంద్రం సొంతంగా ఏమైనా సంపాదించి చూపకపోతే మూసేస్తామని, కేంద్రాన్ని తనిఖీ చేసే సర్కారు ఇన్‌స్పెక్టరు గారు ముందే చెప్పిపోయారు.

అందుకే ఆదిలాబాద్‌లోని ఒక జిన్నింగ్ మిల్లు వాళ్ళు పత్తి మోయడానికి మూడు వందల పెద్ద గంపలు కావాలని రాసినప్పుడు షెడ్డులో పండుగ చేసుకున్నాం. పుష్యమాసం లోపల పంపాలి. దసరా దాటిన మూడో రోజునే డిపో లారీ వచ్చింది. వెదురు పచ్చగా, నున్నగా, చూడముచ్చటగా ఉంది. సరుకు బాగానే ముట్టిందన్న కాగితం మీద సంతకం పెట్టడానికి నేను కలం తీశాను.

పెద్దవ్వ ఒక బొంగు చివర కత్తితో చిన్న పేడు తీసి నోట్లో వేసుకుంది. చెరుకు ముక్క నమిలినట్టు కాసేపు నమిలి ఉమ్మేసింది. ఇంకో బొంగు, ఇంకోటి, అలా ఆరేడు చూసింది. ఆమె ముఖం చూసి మిగతా ఆడవాళ్ళు చుట్టూ చేరారు.

"తియ్యగున్నది బిడ్డా. గిది వెన్నెల దినాలల్ల నరికిన బొంగు. తీపికి పురుగు వడ్తది. దించుకోకు."

అమావాస్య ముందు నరికిన వెదురు చప్పగా ఉంటుందట, దాన్ని పురుగు ముట్టదట. కూలీలు పండుగ లోపల పని ముగించుకోవాలని వెన్నెల రోజుల్లోనే నరికేసి ఉంటారు. నేను సైన్సు చదువుకున్నదాన్ని. చంద్రుడికీ పురుగుకూ ఏం సంబంధమని లోపల అనుకున్నాను. పైకి మాత్రం లారీ డ్రైవర్‌ను అడిగాను. తిప్పి పంపితే మళ్ళీ ఏడాది దాకా వంతు రాదన్నాడు. అంటే గంపలు లేవు, కేంద్రం లేదు. సంతకం పెట్టాను.

పెద్దవ్వ నన్ను తిట్టలేదు. మందు తనే చెప్పింది. వెదురునంతా గోదావరి పారే నీళ్ళలో రాళ్ళు పెట్టి పదిహేను రోజులు ముంచి ఉంచితే తీపి పోతుందని, ఆ తర్వాత రాత్రింబవళ్ళు కూర్చునైనా గంపలు అందిస్తామని అంది. నేను ఇన్‌స్పెక్టరు గారికి ఉత్తరం రాశాను. ఆయన స్వయంగా వచ్చారు. సర్కారు సరుకును ఏట్లో వేస్తారా, కొట్టుకుపోతే మీ జీతంలోంచి కడతారా అని అడిగారు. ముసలమ్మ నాలుకను నమ్మి పదిహేను రోజులు పోగొట్టుకున్నామని పైవాళ్ళకు ఎలా రాయాలన్నారు. ఇంటి దగ్గర మా బాపు జబ్బుతో మంచంలో ఉన్నాడు, నా జీతం మీదే ఇల్లు నడుస్తోంది. మర్నాడు పొద్దున షెడ్డులోకి పోయి చెప్పాను.

"నా చేతుల ఏం లేదవ్వా."

"నాకెర్కే బిడ్డా" అంది. కత్తి అందుకొని మొదటి బొంగు చీల్చింది.

అంత మంచి గంపలు నేను మళ్ళీ చూడలేదు. అడుగు రాయిలా గట్టిగా, అంచు రెండు వరసల బద్దతో బిగించి, మనిషి కూర్చున్నా ఒరగకుండా అల్లారు. చెడిపోతుందని తెలిసి ఇంత శ్రద్ధ ఎందుకని నాకు కోపం కూడా వచ్చింది. వాళ్ళకు మరో రకంగా అల్లడం రాదని తర్వాత అర్థమైంది.

కార్తీకం చివర ఒక మధ్యాహ్నం, అందరూ అన్నాలకు పోయినప్పుడు, నేను ఒక్కదాన్నే షెడ్డులో కూర్చున్నాను. పేర్చిన గంపల్లోంచి చప్పుడు వినిపించింది. సన్నగా, ఎవరో చాలా దూరంలో పేలాలు నములుతున్నట్టు. దగ్గరికి పోయి చూస్తే నేల మీద పసుపు పచ్చని పిండి చిన్న చిన్న కుప్పలుగా పడి ఉంది. ఊడ్చేశాను. మర్నాడు మళ్ళీ పడింది. గంపలను ఎండలో పెట్టాం, వేప పొగ వేశాం, వాళ్ళలో ఒకావిడ ఇంట్లో దీపానికి ఉంచుకున్న గ్యాసునూనె కూడా తెచ్చి పూసింది. పదిహేడు మందీ చీపుళ్ళు పట్టుకొని తాము అల్లినదాన్నే పిండిగా ఊడ్చుకుంటుంటే నేను హాజరు పట్టీ పట్టుకొని నిలబడేదాన్ని. అంత చేతకానితనం బతుకులో మళ్ళీ ఎరగను.

గడువు తప్పకూడదని మిల్లుకు పంపిన గంపల్లో పత్తి నింపి ఎత్తగానే అడుగులు ఊడిపోయాయి. అన్నీ తిరిగొచ్చాయి. వాటి వెనకే ఇన్‌స్పెక్టరు గారూ వచ్చారు. కేంద్రం మూసివేతకు రిపోర్టు రాయమని నా ముందు కాగితం పెట్టి ఆయన చెబుతూ పోయారు. "సభ్యురాళ్ళకు పనితనం లేనందువలన సరుకు నాసిరకంగా తయారైనది." కలం ఆగింది. వెదురు సంగతి రాయాలి కదా సార్ అన్నాను. వెదురు బాగుందని సంతకం పెట్టింది మీరే కదమ్మా అన్నారాయన, నెమ్మదిగానే. రాశాను. నా గుండ్రటి దస్తూరీతో, ఒక్క కొట్టివేత లేకుండా.

ఆయన జీపు కదిలాక పెద్దవ్వ గుమ్మంలోకి వచ్చింది. మిగతావాళ్ళు వెనక నిలబడ్డారు.

"ఏం రాసినవ్ బిడ్డా? జర సదివి ఇనిపియ్యి."

నా దగ్గరున్న నకలు చేతిలోకి తీసుకొని చదివాను. వెదురు వెన్నెల రోజుల్లో నరికినదని, సభ్యురాళ్ళు ముందే హెచ్చరించారని, వాళ్ళ పనితనంలో ఏ లోపమూ లేదని. కాగితం మీద లేని ఈ మాటలన్నీ తడబడకుండా చదివాను. ఆమె మళ్ళీ చదవమంది. చదివాను. కొందరు కళ్ళు తుడుచుకున్నారు.

"గీ కాయితం మాకొకటి రాసియ్యి. డిపోల చూపెడితే బొంగులిస్తరేమో."

అప్పుడైనా నిజం చెప్పవలసింది. చెప్పలేదు. తెల్ల కాగితం తీసి, చదివిన అబద్ధాన్నంతా చక్కగా రాసి, కింద నా పేరు పెట్టి ఇచ్చాను. దానికి ముద్ర లేదు, నంబరు లేదు. అసలు రిపోర్టు అప్పటికే జీపులో పోయింది. ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రొంటిన దోపుకొని, నా తల నిమిరి పోయింది.

నన్ను బోథ్‌కు మార్చారు. నేను ఊరు విడిచిన రోజు అమావాస్యకు ఇంకా నాలుగైదు రోజులున్నాయి, చప్పటి వెదురు నరికే అదను. బస్సు వెదురు డిపో ముందు నుంచి పోతుంటే గేటు బయట ఎండలో పదిహేడు మందీ వరసగా కూర్చొని ఉన్నారు, ఒళ్ళో కత్తులతో. పెద్దవ్వ నన్ను చూసి లేచి నిలబడి, నేను రాసిచ్చిన కాగితాన్ని పైకెత్తి ఊపింది, లోపలి నుంచి ఇంకా పిలుపు రాలేదన్నట్టు. నేనూ చెయ్యి ఊపాను. బస్సు ఆపమని అడగలేదు.