ముద్ర పడిన రోజు

నాకు నా పేరు రాయడం వచ్చు. అంతకు మించి రాదు. అందుకే నోటితో చెబుతున్నాను. రాసేవాళ్ళు దీన్ని చక్కబెట్టనక్కర్లేదు. నేను తెలివితక్కువ పని చేసిన చోట తెలివితక్కువ పని అనే రాయండి.

పలాసలో జీడిపిక్కల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళకు పైగా పిక్కలు కొట్టాను. కాల్చిన పిక్కను పట్టుకుని చెక్కతో ఒక్క దెబ్బ వేస్తే పెంకు విడిపోవాలి, లోపలి గుండు విరగకూడదు. విరిగితే అది బద్ద. బద్దకు విలువ లేదు. ఆ పెంకులో నల్లటి రసం ఉంటుంది, చర్మాన్ని తినేస్తుంది. అందుకని ఆడవాళ్ళందరూ చేతులకు నూనె రాసి బూడిద అద్దుకుని కూర్చుంటారు. నేను రాసుకునేదాన్ని కాదు. నూనె చేతిలో పిక్క జారుతుందని, జారితే దెబ్బ పక్కకు పోతుందని చేరిన నెలలోనే కనిపెట్టాను. ఒట్టి చేతులతో నా అంత వేగం అక్కడ ఎవరికీ లేదు. బస్తా చూసి అందులో గుండ్లెన్ని, బద్దలెన్ని వస్తాయో చెప్పేదాన్ని. మేస్త్రీ కూడా నన్నే అడిగేవాడు. ఆ పొగరు నాకుండేది, ఎందుకు దాచాలి.

నా పక్కన ఒక ముసలామె కూర్చునేది. మా వైపు అక్కను పిలిచినట్టు అప్పా అని పిలిచేదాన్ని. ఆమెకు ఇరవై దాటితే లెక్క రాదు. పూటకు రెండుసార్లు పని ఆపి మళ్ళీ నూనె రాసుకునేది. ఆమెను చూసి అందరం నవ్వేవాళ్ళం, అందరికంటే నేనే ఎక్కువ నవ్వేదాన్ని.

నా భర్త అదే ఫ్యాక్టరీలో బస్తాలు మోసి మోసి పోయాడు. మాకు పిల్లలు లేరు. ఆయనది సంతబొమ్మాళి వైపు ఊరు. అక్కడ కొబ్బరితోట ఉంది, సగం ఆయనది, సగం తమ్ముడిది. ఆయన పోయాక ఆ సగం నా పేరు మీదకొచ్చింది. మరిదే చూసుకునేవాడు. కాయలు దింపిన ప్రతిసారీ, దింపు దింపుకీ, నా వాటా కాయలు, పైకం తెచ్చి ఇచ్చేవాడు. డిగ్రీ చదివాడు, కాగితాల సంగతి తెలిసినవాడు. అతని మీద చెడ్డమాట నేనెప్పుడూ వినలేదు.

తుపానుకు తోటలో చాలా చెట్లు పడిపోయాయి. ఆ తర్వాత ఒకరోజు మరిది మా ఇంటికొచ్చి టీ తాగుతూ అన్నాడు.

"తోట ఇద్దరి పేర్ల మీద ఉంటే గవర్నమెంటోళ్ళు కొత్త మొక్కలివ్వరంట వొదినా. ఏటి సేత్తాం. నీ పేరు ఉండాల కదా మరి."

అంతే. గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయాడు.

రెండు రోజులు పిక్కలు కొడుతూ ఆలోచించాను. మొక్కలు రాకపోతే తోట ఎండుతుంది. ఒక్క పేరు మీద ఉంటే వస్తాయి. నా పేరు మీద ఉంటే పలాస నుంచి నేను తిరగలేను. అతని పేరు మీద ఉంటే పని జరుగుతుంది, నా వాటా ఎలాగూ ఇంటికొస్తుంది. ఎంత చక్కగా తేలిందో. నేనే ఫోను చేసి, నా సగం నీ పేర రాయించేస్తానన్నాను. "వొద్దొదినా, లోకం ఏటనుకుంటాది" అన్నాడు. నేనే బతిమాలి ఒప్పించాను.

టెక్కలి రిజిస్ట్రేషన్ ఆఫీసులో నా వేలిముద్ర పడలేదు. పది వేళ్ళూ పెట్టించారు. సబ్బుతో కడిగి మళ్ళీ పెట్టించారు. "వేళ్ళ మీద గీతలే లేవమ్మా" అన్నాడు అక్కడి గుమస్తా. మరిది విసుక్కోలేదు. మర్నాడు ఒక సీసా కొబ్బరినూనె తెచ్చాడు, మా తోట కాయలు ఆడించిన నూనె.

"పదిహేన్రోజులు పన్లోకి ఎల్లకొదినా. రెండు పూటలా రాసుకో. బియ్యం నాను పంపుతాను."

ఇరవై ఏళ్ళలో నా చేతులకు విశ్రాంతి ఇవ్వమన్న మనిషి లేడు. ఏడుపొచ్చింది.

పనిలోకి రానని చెప్పడానికి ఫ్యాక్టరీకి వెళ్ళాను. అప్ప పిక్కలు కొడుతోంది.

"ఏటే, మహారాణీ. సెలవెట్టేత్తన్నావట."

"మా మరిది పెట్టమన్నాడప్పా. సేతులు బాగవ్వాలని నూని కూడా తెచ్చాడు."

"మంచోడే. నీ మొగుడు పోయి ఎన్నాళ్ళయింది?"

"మూడేళ్ళు."

"మరి ఇన్నాళ్ళూ ఆడికి నీ సేతులు అవుపడనేదేటే?"

చిన్నపిల్లకు చెప్పినట్టు అంతా విడమరిచి చెప్పాను. మొక్కలు, పేర్లు, ముద్ర. ఆమె బూడిద అద్దుకుంటూ విన్నది.

"నాకియ్యన్నీ తెల్దు. సేతులు బాగయ్యాక ఓ నెల్లాళ్ళు ఊరుకో. అప్పుడు కూడా ఆడు నూని తెత్తే ఎల్లి ముద్రెయ్యి."

"నెల్లాళ్ళు ఊరుకుంటే మొక్కలైపోతాయప్పా."

"అయిపోనీ. తోట ఎక్కడికెల్తాది?"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను.

పదిహేను రోజులకు బొటనవేలి మీద సన్నగా గీతలు లేచాయి. పెళ్ళినాటి వేలిలా ఉంది, చూసి చూసి మురిసిపోయాను. టెక్కలిలో ఈసారి వేలు పెట్టగానే ముద్ర పడింది. మిషనుకు దణ్ణం పెట్టాను. కాగితం చదివి వినిపించారు. అందులో 'ఇష్టపూర్వకంగా' అన్న మాట ఒక్కటి నాకు బాగా అర్థమైంది. తల ఊపాను.

తర్వాతి దింపుకు కాయలు రాలేదు, పైకం రాలేదు. ఫోను ఎత్తలేదు. రెండు బస్సులు మారి వెళ్ళాను. తోట చుట్టూ ముళ్ళతీగ, గేటుకు తాళం. కొత్త మొక్క ఒక్కటి లేదు. పక్క తోట ముగ్గురు అన్నదమ్ముల పేర్ల మీదుంది, అందులో మోకాలెత్తు మొక్కలు వరసగా ఉన్నాయి. మరిది వీధిలోకి కుర్చీ తెచ్చి వేశాడు.

"కూకో వొదినా. ఎండన పడొచ్చినావు."

"నా వాటా ఏదీ బాబూ?"

"వాటా ఏటొదినా, రాసిచ్చేసినావు కదా. నాను వొద్దనే అన్నాను. నువ్వే ఆలోసించి సెప్పినావు."

అబద్ధమైతే తిట్టేదాన్ని. అందులో అబద్ధం లేదు. ఆ టీ పూట అతను సగం లెక్క చెప్పి వదిలేశాడు, మిగతా సగం నేనే కట్టుకున్నాను. నేను కట్టిన లెక్క కాబట్టి దాన్ని నేను అనుమానించలేదు. నా చోట మట్టిబుర్ర మనిషి ఉంటే, నాకర్థం కాలేదు అనుకుని ఊరుకునేది, తోట మిగిలేది.

మళ్ళీ ఫ్యాక్టరీలో చేరాను. అప్ప పక్కనే కూర్చున్నాను. సంగతి అప్పటికే అందరికీ తెలుసు. చెప్పానా అని ఆమె అంటుందని రోజంతా కాచుకున్నాను. ఒక్క మాట అంటే దెబ్బలాడి కొంచెం తేలికపడేదాన్ని. సాయంత్రం నా వేళ్ళు చూసి, "ఆ నూని ఇంకా ఉందేటి" అని అడిగింది.

"ఉంది. అడుగున ఉంది."

"తే. ఊరికే పాడైపోద్ది."

మర్నాడు తెచ్చి ఇచ్చాను. తాను రాసుకోలేదు. నా అరచెయ్యి లాక్కుని అందులో పోసింది. మా తోట వాసన వచ్చింది. ఆమె తల వంచుకుని తన పిక్కలు తాను మెల్లగా కొట్టుకుంటోంది.

నేను నూనె కొంగుకు తుడిచేసి, ఒట్టి చేత్తో పిక్క పట్టుకున్నాను. నెల తిరక్కుండా గీతలు పోయాయి. పోనీ. ఇక రాసివ్వడానికి నా దగ్గర ఏముందని.